స్పీకర్లు మార్చే ముందు

స్రవంతీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. నీ కారు స్టీరియోలో వాల్యూమ్ ఇరవై ఐదు దాటగానే సౌండ్ పగిలిపోతోంది, షాపులో చూపిస్తే నాలుగు స్పీకర్లూ పోయాయి, మార్చాల్సిందే అన్నారు. అదీ సంగతి. నాలుగు స్పీకర్లు కూడబలుక్కుని ఒకేసారి పోవమ్మా. ఒకటి పోతుంది, మహా అయితే రెండు. నాలుగూ ఒకే తీరుగా, ఒకే నంబరు దగ్గర పగులుతున్నాయంటే తప్పు వాటికన్నా ముందెక్కడో ఉంది. స్పీకర్ సొంతంగా ఏమీ పాడదు, స్టీరియో ఏం పంపితే అదే పలుకుతుంది. అందుకని రూపాయి తీసేముందు ఆ పగులు ఎక్కడ మొదలవుతోందో పట్టుకో. ఆదివారం పొద్దున ఎండ ఎక్కకముందు కారులో కూర్చుంటే తేలిపోయే పని.

ముందు పాట. వాట్సాప్‌లో పదిమంది చేతులు మారి వచ్చిన పాట పెట్టి స్టీరియోని తిట్టకు, ఆ ఫైల్లో సౌండ్ అప్పటికే నలిగిపోయి ఉండొచ్చు. 320 కేబీపీఎస్‌ది ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకో. డప్పుల మోత వద్దు. ఒక గొంతు, పక్కన వీణో వేణువో ఉన్న పాట అయితే మేలు. గొంతు పగిలితే చెవికి ఇట్టే తెలుస్తుంది, డప్పు పగిలితే అదీ పాటలో భాగమే అనుకుంటాం. ఈమధ్య కొన్ని పాటల్ని స్టూడియోలోనే హద్దు దాకా పెంచి వదులుతున్నారు. వాటిని ఎంత ఖరీదైన సిస్టమ్‌లో వేసినా ఆ గరుకు పోదు.

తర్వాత సెట్టింగులు. ఫోన్‌లో ఈక్వలైజర్ ఆన్ చేసి బేస్ పెంచుతారు, మళ్లీ స్టీరియోలో బేస్ పెంచుతారు, దానిపైన లౌడ్‌నెస్ నొక్కుతారు. నువ్వూ అదే చేసి ఉంటావని నా అనుమానం. అన్నీ తీసేసి సున్నాకి తెచ్చెయ్. ఆక్స్ వైరుతో, అంటే ఫోన్ హెడ్‌ఫోన్ కన్నం నుంచి స్టీరియోకి వెళ్లే వైరుతో వింటున్నావా? ఫోన్ వాల్యూమ్ మొత్తం పెట్టకు, ముప్పాతిక దగ్గర ఆపు, మిగతాది స్టీరియోలో పెంచుకో. బ్లూటూత్‌లో అయితే ఫోన్ వాల్యూమ్ నిండుగా ఉన్నా ఫర్వాలేదు. ఇక్కడికే సగం కార్లు బాగుపడతాయి. నేను ఆటోనగర్ పక్కన కార్ డెకార్ షాపు నడిపిన రోజుల్లో, స్పీకర్లు మార్చమని వచ్చినవాళ్లలో చాలామందిని ఈ ఒక్క పని చేసి పంపేశాను. పైసా తీసుకోలేదు కాబట్టి మీ అత్తయ్య నన్నెప్పుడూ వ్యాపారస్తుడిగా లెక్కేయలేదు.

అప్పటికీ పగులుతుంటే ఒక్కో స్పీకర్‌నీ విడిగా వినాలి. స్టీరియోలో బ్యాలెన్స్, ఫేడర్ అని ఉంటాయి. బ్యాలెన్స్ ఎడమకీ కుడికీ, ఫేడర్ ముందుకీ వెనక్కీ. ముందు ఎడమ స్పీకర్ ఒక్కటే పలికేలా పెట్టి, పగిలే వాల్యూమ్‌కి తీసుకెళ్లి విను. అలా నాలుగూ. నాలుగింట్లోనూ ఒకే తీరు గరుకు, ముఖ్యంగా పాటలో 'స', 'ష' వచ్చినప్పుడు ఇసక రాలినట్టు వినిపిస్తే తప్పు స్టీరియోది. ఒక్కదాంట్లోనే ఉంటే తప్పు ఆ స్పీకర్‌దో, దాని వైరుదో, ఆ డోర్‌దో. ఫలానా బేస్ నోటు వచ్చినప్పుడు మాత్రమే బరబరమంటే అరచెయ్యి డోర్ ప్యాడ్ మీద గట్టిగా అదిమిపెట్టు. ఆగిపోయిందా? అది స్పీకర్ రోగమే కాదు, ప్యాడ్ క్లిప్పు ఊడి కొట్టుకుంటోంది. ఐదారు రూపాయల క్లిప్పు. దానికి స్పీకర్లు మార్చినా ఆ చప్పుడు అలాగే ఉంటుంది.

నీ కారులో నాలుగూ పగులుతున్నాయి కాబట్టి స్టీరియో గురించి కాస్త వివరంగా చెప్పాలి. లెక్కలంటే నీకు భయం లేదుగా. డబ్బా మీద 50 గుణకారం 4 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, ఛానెల్‌కి, అంటే ఒక్కో స్పీకర్‌కి, యాభై వాట్లని. బ్యాటరీ నుంచి ఇంజిన్ నడుస్తుండగా వచ్చేది దాదాపు 14.4 వోల్టులు. లోపల వోల్టేజి పెంచే ఏర్పాటు లేని మామూలు స్టీరియో ఆ 14.4 దాటి స్పీకర్‌కి ఇవ్వలేదు. అది శిఖరం. పవర్ లెక్కకి పనికొచ్చే సగటు, ఆర్‌ఎంఎస్ అంటారు, సుమారు 10.2 వోల్టులు. పదిని పదితో గుణించి స్పీకర్ నిరోధం నాలుగు ఓమ్‌లతో భాగిస్తే పాతిక, ఇరవై ఆరు వాట్లు. ఎక్కడా నష్టం లేకపోతే మాట అది. నిజానికి శుభ్రంగా వచ్చేది పదిహేను, ఇరవై మధ్య. టీడీఏ 7388 అని ఎన్నో స్టీరియోల్లో వాడిన ఆంప్ చిప్, అంటే సౌండ్‌కి బలం ఇచ్చేది, ఒకటుంది. దాని డేటాషీట్ తీసి చూడు. పేరు పక్కన 45 వాట్లు అని రాశారు. కింద చిన్న అక్షరాల్లో 14.4 వోల్టుల దగ్గర 26 వాట్లు అన్నారు, అదీ 10 శాతం డిస్టార్షన్‌తో. డిస్టార్షన్ అంటే సౌండ్ రూపు చెడిపోవడం. పది శాతం అంటే చెవి మూసుకోవాల్సినంత పగులు. యాభై అని అమ్మేది దాన్నే.

మరి ఇరవై వాట్లు దాటి అడిగితే ఏమవుతుంది? సౌండ్ అల పైకి లేవడానికి వోల్టేజి చాలదు. తోటలో కొబ్బరిచెట్ల తలలన్నీ ఒకే ఎత్తున నరికేసినట్టు అలల తలలు తెగిపోతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు. నీకు వినిపించే పగులు ఇదే. ఇది చెవికి చెడ్డదనే కాదు, స్పీకర్‌కీ చెడ్డదే. తల పూర్తిగా చదునైపోయిన అల, అదే ఎత్తున్న గుండ్రటి అలకన్నా రెట్టింపు పవర్ మోస్తుంది. తెగిన అంచుల్లోంచి పుట్టే హై ఫ్రీక్వెన్సీ అంతా ట్వీటర్ మీద, అంటే సన్నటి సౌండ్లు పలికే చిన్న స్పీకర్ మీద పడుతుంది. అందుకే చిన్న ఆంప్‌ని గొంతు చించుకునేలా వాడినవాళ్ల ట్వీటర్లే ముందు కాలిపోతాయి. పెద్ద ఆంప్‌తోనే కాలిపోతాయని అందరూ అనుకుంటారు, నేను మాత్రం ఎక్కువగా ఇలా కాలినవే చూశాను.

బేస్ నాబ్ ఎందుకు తగ్గించమన్నానో ఇప్పుడు చూడు. ఆరు డీబీ (డెసిబెల్, సౌండ్ కొలత) బేస్ పెంచావంటే ఆ బేస్ వరకు నాలుగు రెట్ల పవర్ అడుగుతున్నావు. ఐదు వాట్లతో హాయిగా పలికే డోలు ఇరవై అడుగుతుంది. స్టీరియో దగ్గర ఉన్నదే ఇరవై. ఇక గొంతుకి మిగిలేదేముంది? గొంతు కూడా దాంతోపాటే తెగుతుంది.

దీనికి మందు హై పాస్ ఫిల్టర్, కింది బేస్‌ని ఆపి పై సౌండ్‌ని మాత్రమే పంపేది. స్టీరియో ఆడియో సెట్టింగుల్లో హెచ్‌పీఎఫ్ అని ఉంటుంది. ముందు, వెనక స్పీకర్లకి 80 హెర్ట్జ్ పెట్టు, స్లోప్ (కోత ఎంత నిటారుగా ఉండాలో) అడిగితే 12 డీబీ. ఆరున్నర అంగుళాల డోర్ స్పీకర్ 80 కింద ఎలాగూ సరిగ్గా పలకదు, ఊరికే ముందుకీ వెనక్కీ ఊగి పవర్ తింటుంది. ఆ బరువు దించేస్తే ఇరవై ఐదు దగ్గర పగిలేది ముప్పై దాకా శుభ్రంగా వెళ్తుంది. మొదట బేస్ తగ్గినట్టనిపిస్తుంది. రెండు రోజులు ఓపిక పట్టు, చెవి అలవాటు పడుతుంది. నీ స్టీరియోలో ఆ సెట్టింగే లేకపోతే ఎలక్ట్రానిక్స్ షాపులో 470 మైక్రోఫారడ్ కెపాసిటర్లు నాలుగు తీసుకో. నాన్ పోలార్ అని గట్టిగా అడుగు, మామూలు ప్లస్ మైనస్ ఉన్నవి ఇస్తే వెనక్కి ఇచ్చెయ్. ఒక్కోటి ఒక్కో స్పీకర్ ప్లస్ వైరులో వరసగా కలిపితే, నాలుగు ఓమ్‌ల స్పీకర్‌కి దాదాపు 85 హెర్ట్జ్ కింద బేస్ మెల్లగా తగ్గుతూ వస్తుంది. స్టీరియోలోని ఫిల్టర్ అంత కోతగా కాదు, కానీ పనికొస్తుంది.

ఒకవేళ ఏదో ఒక్క స్పీకర్ మీదే అనుమానం నిలిస్తే దాన్ని డోర్‌లోంచి బయటికి తియ్యి. వైరు ఊడదీశాకే కొలవాలి, మర్చిపోకు. మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి స్పీకర్ వెనకున్న రెండు కాళ్లకీ ఆనించు. నాలుగు ఓమ్‌ల స్పీకర్ మీటర్ మీద 3.2 నుంచి 3.8 మధ్య చూపిస్తుంది, అది సహజం. రెండున్నర కన్నా తక్కువ వస్తే కాయిల్ (లోపలి తీగచుట్ట) చుట్లు కరిగి అంటుకున్నాయి. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది. ఇప్పుడు రెండు చేతుల వేళ్లూ పేపర్ (స్పీకర్ ముందున్న గరాటు లాంటి పొర) మీద ఎదురెదురుగా పెట్టి, సమానంగా మెల్లగా లోపలికి నొక్కి వదులు. చెవి దగ్గరగా పెట్టు. చప్పుడు లేకుండా మెత్తగా పోయి రావాలి. లోపల గీసుకుంటున్న చప్పుడొస్తే కాయిల్ పక్కకి జరిగి మాగ్నెట్‌కి రాసుకుంటోంది, అప్పుడు మార్చాల్సిందే. పేపర్ చుట్టూ ఉండే అంచు చిరిగి ఉంటే చిన్న చిరుగైతే అతికించొచ్చు. ఫెవిక్విక్ మాత్రం ముట్టుకోకు, రాయిలా గట్టిపడి పేపర్‌ని పట్టేస్తుంది. ఫెవిబాండ్ లాంటి, ఆరాక కూడా సాగే గమ్ పలచగా రాయి. ఫోమ్ అంచు ఎండకి పొడి పొడిగా రాలుతుంటే ఇక గమ్ దండగ.

తిరిగి బిగించేముందు గడియారం సెల్లుతో ప్లస్ మైనస్ చూసుకో. ఒకటిన్నర వోల్టు సెల్ ప్లస్‌ని స్పీకర్ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం ఆనిస్తే పేపర్ బయటికి రావాలి. లోపలికి పోతే గుర్తులు తారుమారయ్యాయి. ఎడమ స్పీకర్ ఒకలా, కుడిది ఇంకోలా కలిపి ఉంటే రెండూ ఒకదాని బేస్‌ని ఒకటి మింగేస్తాయి. బేస్ రావట్లేదని మనం వాల్యూమ్ పెంచుతాం, పగులుతుంది. నీది సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి ఇది తప్పకుండా చూడు, ఇంతకుముందు ఎవరెవరు చెయ్యి పెట్టారో. ఇంకో మాట. పాతకాలం అలవాటుతో కొందరు స్పీకర్ మైనస్ వైరుని కారు బాడీకి ఎర్త్ చేస్తారు. ఇప్పటి స్టీరియోలకి అది ప్రాణాంతకం. ప్రతి స్పీకర్‌కీ రెండు వైర్లూ స్టీరియో దాకా విడిగా వెళ్లాలి. డోర్ మడత దగ్గర వైరు తొడుగు చిట్లి బాడీకి తగులుతోందేమో కూడా వేలితో తడిమి చూడు.

డోర్ విప్పావు కదా, లోపల ఏ రింగు మీద స్పీకర్ కూర్చుందో చూడు. ఎండీఎఫ్ చెక్క అయితే వాన నీటికి ఉబ్బి స్క్రూలు వదులైపోతాయి, ప్లాస్టిక్ రింగు వేయించు. లాక్ రాడ్ కొట్టుకుంటుంటే దానికి ఫోమ్ చుట్టు. నాలుగు డబ్బులు మిగిలితే నేను స్పీకర్లకన్నా ముందు డోర్లకే పెడతాను. బయటి రేకు లోపలివైపు బ్యూటైల్ షీట్ (ఊపు ఆపే రబ్బరు షీట్) అంటించి, లోపలి రేకులో ఉన్న పెద్ద కన్నాలు మూసేస్తే, మునుపు రేకుని ఊపడానికి పోయిన బేస్ అంతా నీవైపు వస్తుంది, అంత గట్టిగా పెట్టాల్సిన అవసరమే ఉండదు. డోర్ అడుగు అంచున నీళ్లు పోయే చిన్న కన్నాలుంటాయి, వాటిని మాత్రం మూయనివ్వకు. తుప్పు పట్టిన డోర్‌లో పాట ఎవరికి కావాలి?

కరెంటు సంగతి తొందరగా చెప్పేస్తాను. బ్యాటరీ మీద ఇంజిన్ ఆపినప్పుడు 12.6, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 రావాలి. స్టీరియో వెనక కరెంటు వైర్ల దగ్గర పాట గట్టిగా పెట్టి కొలిస్తే అక్కడా దాదాపు అంతే ఉండాలి. ఒక వోల్టు పైన పడిపోతుంటే ఎర్త్ సరిగ్గా లేదు, లేదా ఎక్కడో చుట్టి టేపు వేసిన అతుకు ఉంది. ఇంజిన్ ఆపినప్పుడు మాత్రమే పగులుతుంటే కారణం ఆ తగ్గిన వోల్టేజిలోనే ఉంది.

ఇవన్నీ అయ్యాక కూడా నీకు ఇంకా గట్టిగా కావాలనిపిస్తే స్పీకర్లు కాదు, ఆంప్ కొను. నాలుగు ఛానెళ్లది, ఛానెల్‌కి 50 వాట్ల ఆర్‌ఎంఎస్ చాలు. డబ్బా మీద సీఈఏ-2006 అనే కొలత ప్రమాణం పేరు ఉంటే ఆ వాట్లు 14.4 వోల్టుల దగ్గర, ఒక శాతానికి మించని డిస్టార్షన్‌తో కొలిచినవని అర్థం, నమ్మొచ్చు. 'మ్యాక్స్ 2000 వాట్స్' అన్న డబ్బా చూస్తే దణ్ణం పెట్టి వచ్చెయ్. పవర్ వైరు అసలైన రాగిది తీసుకో. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చవకగా ఇస్తారు, గీరి చూస్తే తెల్లగా కనిపిస్తుంది. ఫ్యూజు బ్యాటరీకి అడుగున్నర లోపే ఉండాలి. ఎర్త్ బిగించే చోట పెయింట్ గీకించు.

ఆంప్ మీద గెయిన్ నాబ్ ఉంటుంది, స్టీరియో పంపే సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టేది. దాన్ని అందరూ వాల్యూమ్ అనుకుని మొత్తం తిప్పేస్తారు. స్పీకర్లు ఊడదీసి, ఈక్వలైజర్ సున్నాలో ఉంచి, స్టీరియో వాల్యూమ్ ముప్పాతికలో పెట్టి, 200 హెర్ట్జ్ టెస్ట్ టోన్ (ఒకే స్వరం ఆగకుండా మోగే ఫైలు) వెయ్యి. వెయ్యి హెర్ట్జ్ అని చెప్పేవాళ్లుంటారు, కానీ చవక మీటర్లు 400 దాటితే ఏసీ వోల్టులు సరిగ్గా చూపించవు. మీటర్ ఏసీలో పెట్టి, ఆంప్‌లో స్పీకర్ వైర్లు తగిలే చోట ఆనించి, గెయిన్ మెల్లగా పెంచు. యాభై వాట్లని నాలుగు ఓమ్‌లతో గుణిస్తే రెండు వందలు, దాని వర్గమూలం 14.1. మీటర్ 14 చూపించగానే ఆపు. అక్కడ నాబ్ మీద మార్కర్‌తో చిన్న గీత పెట్టు, ఎవరైనా కదిపితే తెలుస్తుంది.

అన్నిటికన్నా ముందు సెట్టింగులు సున్నా చేసి ఒక్కో స్పీకర్ విను. ఏది ఏ నంబరు దగ్గర పగిలిందో, ఎలా పగిలిందో కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు. స్పీకర్ విప్పితే మీటర్ రీడింగు కూడా. షాపుకి ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదన్నావు కదా, నేను చూసేదాకా ఇవ్వకు. ఫోన్ సాయంత్రం ఆరు తర్వాత చెయ్యి, మధ్యాహ్నం నేను తీయను.

మీ మామయ్య