పొలం నాన్న పేరు మీద ఉంటే, సాగు చేసే కొడుక్కి పీఎం కిసాన్ వస్తుందా?

"నాకు 26 ఏళ్లు, మాది గుంటూరు జిల్లా. పొలం నాన్నది, సాగంతా నాది. నాకు విడిగా పీఎం కిసాన్ వస్తుందా?" అని అడిగావు తమ్ముడూ. రాదు. అడ్డం నీ వయసు కాదు, పట్టాదారు పాస్‌బుక్‌లో నీ పేరు లేకపోవడం.

"అయితే నాన్న చేత రాయించుకుంటా" అంటావేమో. మా ఇంట్లో అదే జరిగింది. 2021లో నాన్న నాకు రెండెకరాలు గిఫ్ట్ డీడ్ రాశారు. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ అన్నీ అయ్యాయి, పాస్‌బుక్ వచ్చింది. ఇద్దరం కలిసి దరఖాస్తు ఇవ్వడానికి వెళ్లాం. అక్కడి ఉద్యోగి పాస్‌బుక్ తిరగేసి, "2019 ఫిబ్రవరి 1 తర్వాత పేరు మారిన పొలానికి ఇవ్వరు బాబూ. మీ నాన్నగారు కాలం చేశాక వారసత్వంగా వస్తే మాత్రం ఇస్తారు" అన్నాడు. నాన్న నా పక్కనే నిలబడి ఉన్నారు. ఆ అబ్బాయిని తప్పుపట్టను, రూల్ అలాగే ఉంది. కానీ బండి మీద వస్తుంటే నాన్న, "రెండు వేల కోసం నేను పోవాలా రా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

డబ్బు కోసం పొలాలను కాగితాల మీద ముక్కలు చేస్తారని ఆ తేదీ పెట్టారు. సరే, ఒప్పుకుంటాను. కానీ ఆ పథకంలో కుటుంబమంటే భార్య, భర్త, మైనర్ పిల్లలే. 18 దాటిన కొడుకు వేరే కుటుంబం కిందే లెక్క. ఆ తేదీకి ముందే కొడుక్కి రాసిచ్చిన ఇంట్లో ఇద్దరికీ విడతకు రెండు వేల చొప్పున ఏడాదికి ఆరేసి వేలు వస్తున్నాయి. తర్వాత సాగులోకి దిగిన కుర్రాళ్లకు మాత్రం తలుపు మూశారు. ఇక సభ పెట్టిన ప్రతి నాయకుడూ "యువత వ్యవసాయంలోకి రావాలి" అంటాడు. రమ్మని పిలిచి కూర్చోవడానికి పీట వేయకపోతే ఎలా?

కౌలు చేసే కుర్రాళ్ల సంగతి ఇంకా ఘోరం. పీఎం కిసాన్‌లో వాళ్లకు చోటే లేదు. మన రాష్ట్రంలో 11 నెలల సాగు హక్కు కార్డు ఉంది కానీ, దానికి యజమాని సంతకం పెట్టాలి. పొలం పోతుందేమోనని చాలామంది పెట్టరు. కార్డు లేకపోతే బ్యాంకు లోను కష్టం. సకాలంలో కడితే 4 శాతానికే దొరికే పంట రుణం చేజారి, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకుంటున్నారు.

ఎవరు సాగు చేస్తున్నారో ప్రభుత్వానికి తెలియదా అంటే తెలుసు. ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసుకునే ఈ-పంట నమోదులో నా వేలిముద్ర ఉంది. ధాన్యం కొనాలన్నా, పంట నష్టం రాయాలన్నా దాన్నే చూస్తారు. సాయం ఇచ్చేటప్పుడు కూడా దాన్నే చూడాలి. నా గట్టి అభిప్రాయం ఇదే.

నువ్వు మాత్రం ఈ రెండు వేల కోసం గిఫ్ట్ డీడ్ ఖర్చు పెట్టుకోకు. నీ పేరున పంట రుణం కావాలంటే అప్పుడు రాయించుకో, అది పనికొస్తుంది. కొంత పొలం నాన్న పేరునే ఉంచితే ఆయనకు వచ్చేది ఆగదు, మా నాన్నకు ఇప్పటికీ పడుతోంది. ఈ సీజన్ ఈ-పంట నమోదు మాత్రం నీ పేరుతోనే చేయించు.