మిశ్రమాల పాఠానికి పట్టిక బట్టీ పట్టించకండి

తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయికి వడపోత, స్వేదనం, ఉత్పతనం, స్ఫటికీకరణం అన్నీ కలగాపులగం అవుతున్నాయని రాశారు. ఏ మిశ్రమానికి ఏ పద్ధతో గుర్తుండే చిట్కా చెప్పమన్నారు. చిట్కా చెప్పను. ఏళ్ల తరబడి హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పినవాడిగా అంటున్నాను, ఈ పాఠాన్ని పాడుచేసిందే ఆ పట్టిక. ఎడమవైపు మిశ్రమం, కుడివైపు పద్ధతి. పిల్లలు దాన్ని వల్లెవేస్తారు. అందులో లేని మిశ్రమం పరీక్షలో వచ్చిందంటే తెల్లముఖం వేస్తారు.

మీ వాడు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: కలిసి ఉన్న ఈ పదార్థాలకు తేడా ఎక్కడుంది? ఒకటి నీటిలో కరిగి రెండోది కరగకపోతే వడపోత. రెండు ద్రవాలు కలవకుండా పొరలుగా నిలబడితే, కింద కుళాయి ఉండే వేర్పాటు గరాటు. మరిగే ఉష్ణోగ్రతల్లో తేడా ఉంటే స్వేదనం, అంటే మరిగించి ఆ ఆవిరిని చల్లార్చి పట్టుకోవడం. తేడా పట్టుకుంటే పద్ధతి దానంతటదే తోస్తుంది.

ఒక ప్రాక్టికల్ పరీక్ష సంగతి చెబుతాను. ఇసుక, ఉప్పు, ఇనుప రజను, అమ్మోనియం క్లోరైడ్ కలిపి ఇచ్చారు. పుస్తకంలోని వరుస ప్రకారం ముందు అయస్కాంతం, తర్వాత వేడిచేసి ఉత్పతనం (ఘనపదార్థం ద్రవం కాకుండా నేరుగా ఆవిరై, చల్లబడితే మళ్లీ ఘనమవడం), ఆపైన నీళ్లు, వడపోత, చివరికి ఇగర్చడం. మా తరగతి అమ్మాయి ఒకతె అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఇనుప రజనంతా తీసేసింది. అది పొడిగా ఉండగానే తీయాలి, తడిస్తే తుప్పు పడుతుంది. ఆ తర్వాత మిగిలినదాంట్లో నేరుగా నీళ్లు పోసేసింది. పక్కనే ఉన్న పరీక్షకుడు పెదవి విరిచారు. అమ్మోనియం క్లోరైడ్ కూడా ఉప్పుతో పాటు నీటిలో కరిగిపోతుంది మరి.

ఆ అమ్మాయి తొణకలేదు. ఇసుకను వడకట్టి, ద్రావణాన్ని పింగాణీ గిన్నెలో సన్నని మంట మీద ఇగర్చింది. నీరు ఇంకిపోయే దశలో గిన్నె చిటపటలాడి తెల్లని పలుకులు ఎగిరిపడుతుంటే మంటను పక్కకు జరిపి, ఉన్న వేడితోనే ఆరనిచ్చింది. అప్పుడు గిన్నె మీద గరాటు బోర్లించి, దాని కాడలో దూది పెట్టి, మళ్లీ వేడి చేసింది. కాసేపటికి తెల్లని పొగ సుడులు తిరుగుతూ లేచి గరాటు లోపలి గోడకు సన్నని పొడిగా పట్టుకుంది. ఉప్పు మాత్రం గిన్నెలోనే ఉండిపోయింది. అది ద్రవంగా మారాలంటేనే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి.

పరీక్ష అయ్యాక నేను గరాటుకు పట్టిన పొడిని కొంచెం గీకి తడి సున్నంతో కలిపి నలిపాను. అమ్మోనియం క్లోరైడ్ నుంచి సున్నం విడిపించే అమ్మోనియా ఘాటు గుప్పున కొట్టింది. గిన్నెలో మిగిలినదాన్నీ అలాగే నలిపితే ఏ వాసనా లేదు. ఇంతకు మించిన రుజువు ఏముంటుంది? అయినా వరుస తప్పిందని ఆ అమ్మాయికి మార్కులు కోశారు. ఆలోచించిన పిల్లకు కోత, అప్పజెప్పిన పిల్లలకు పూర్తి మార్కులు! నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఉత్పతనం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. అయొడిన్ ద్రవంగా మారనే మారదని పిల్లల చేత రాయించే ఉపాధ్యాయులు ఎందరో ఉన్నారు. సాధారణ పీడనం వద్ద అది దాదాపు 114 డిగ్రీల దగ్గర చక్కగా కరుగుతుంది. అమ్మోనియం క్లోరైడ్ అయితే వేడికి అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడిపోయి, చల్లని గోడ తగలగానే మళ్లీ కలుస్తుంది. తొమ్మిదో తరగతికి ఇంత లోతు అనవసరమంటారు. నాకు తెలిసి పిల్లలు చెవులు రిక్కించి వినేది ఇలాంటి మాటలే.

తేడా చిన్నదైతే ఏం చేయాలని మీ వాడు అడగాలి. ద్రవీకరించిన గాలిలో నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర, ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర మరుగుతాయి. ఆ 13 డిగ్రీల తేడా మీదే అంశిక స్వేదనం, అంటే మెట్లుమెట్లుగా జరిపే స్వేదనం, నడుస్తుంది. ఆకులోని రంగులన్నీ కరిగి ఒక్కటైపోయినప్పుడు వడపోత పనికిరాదు. రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెట్ ఆ ద్రావణాన్ని సుద్దపొడి నింపిన గాజు గొట్టంలోకి వదిలి, ఏ రంగు పొడిని ఎంత గట్టిగా అంటిపెట్టుకుంటుందన్న తేడాతోనే వాటిని పట్టీలుగా విడదీశాడు. 1906లో ఆ పద్ధతికి క్రోమటోగ్రఫీ అని పేరు పెట్టాడు. ఆయనకు చూసి రాసుకోవడానికి ఏ పట్టికా లేదు.

కాబట్టి ఆ పట్టిక మూసేసి, మీ అబ్బాయికి పుస్తకంలో లేని మిశ్రమం ఒకటి చెప్పి, ఎలా విడదీస్తాడో కాగితం మీద రాయించండి. ప్రతి మెట్టు పక్కన 'ఎందుకంటే' అని మొదలుపెట్టి ఒక వాక్యం ఉండాలి. పరీక్షలోనూ అలాగే రాయమనండి. కారణం పక్కనే కనబడుతుంటే వరుస తప్పిందని కొట్టేయడం ఎవరికైనా కష్టం.