లేఆఫ్ అయ్యిందా తమ్ముడూ? ముందు తేదీ చూసుకో

మొన్న ఇక్కడ అమెరికాలో పనిచేసే ఒక కుర్రాడు ఫోన్ చేసి "అన్నా, తీసేశారు, హెచ్1బీ మీద ఉన్నా, ఇంట్లో ఇంకా చెప్పలేదు" అన్నాడు. హెచ్1బీ అంటే కంపెనీ ద్వారా వచ్చే ఉద్యోగ వీసా. ఈ మధ్య ఇలాంటి ఫోన్లు ఎక్కువయ్యాయి, అందుకే అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి ఇక్కడ ఉండటానికి నీకు 60 రోజులు, ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం) ఈలోపే అయిపోతే అంతవరకే. సెవరెన్స్ (తీసేసినప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) ఇంకా పడుతోందిగా అని ధీమా వద్దు, దానివల్ల గడువు పెరగదు. గడువులోగా కొత్త కంపెనీ నీ పేరున హెచ్1బీ పిటిషన్ (ప్రభుత్వానికి దరఖాస్తు) వేస్తే అప్రూవల్ దాకా ఆగకుండా పనిలో చేరిపోవచ్చు. మీ ఆవిడకి హెచ్1బీ ఉంటే హెచ్4కి (హెచ్1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మారొచ్చు, అదీ లేదంటే బీ2 (టూరిస్ట్ వీసా) కోసం ఐ-539 ఫారం వేసి కొంత టైమ్ తెచ్చుకోవచ్చు, కాకపోతే దాని మీద పని చేయకూడదు. ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉంటే పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా నీ ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డ్ క్యూలో నీ వంతు తేదీ, నీదే. డబ్బు కడితే ఉద్యోగంలో ఉన్నట్టు చూపించి పేరోల్ నడిపిస్తాం అనేవాళ్ళ ఫోన్ మాత్రం ఎత్తకు, గ్రీన్‌కార్డ్ దగ్గరికొచ్చాక ఆ కాగితాలే మెడకు చుట్టుకుంటాయి.

మా రోజుల్లో ఈ 60 రోజులు కూడా లేవు, 2017 జనవరిలో వచ్చాయి. నన్ను 2009లో తీసేశారు, నెలాఖరు దాకానే జీతం. ఆఫీసుకి రావద్దన్నారు, నేనేమో రోజూ లంచ్ బాక్స్ పట్టుకుని బయల్దేరి లైబ్రరీలో కూర్చునేవాణ్ణి, సిగ్గు! నాలుగో రోజు పెరుగన్నం ముట్టకుండా తిరిగొచ్చేసరికి మా ఆవిడకి అర్థమైపోయింది. తిట్టలేదు, ఫోన్ చేతికిచ్చి "తెలిసినవాళ్ళందరికీ చెయ్యండి, మొహమాటపడకండి" అంది. పదో పదకొండో ఫోన్, పాత రూమ్మేట్‌కి. వాళ్ళ ఆఫీసులో కాంట్రాక్ట్ ఉందట, ఒమాహాలో. జీతం తక్కువ, ఊరెక్కడుందో మ్యాపులో వెతికాం. బియ్యం బస్తా, కుక్కరు, ఇడ్లీ స్టాండు కారులో పడేసుకుని వెళ్ళాం, ఏడాది ఉండి వచ్చేద్దామని. మా ఇద్దరు పిల్లలూ అక్కడే పుట్టారు, ఇల్లూ అక్కడే కొన్నాం.

అందుకే మొదటి వారంలోనే నలుగురికి చెప్పు, దాచుకుంటే పోయేది నీ రోజులే. అమ్మానాన్నలకి ఎప్పుడు చెప్తావో నీ ఇష్టం. నేను కొత్త ఉద్యోగంలో మొదటి జీతం పడ్డాక చెప్పా. "మాకు అప్పుడే తెలుసురా, ఆదివారం తప్ప ఫోన్ చేయనివాడివి బుధవారం కూడా చేస్తుంటే తెలీదా" అన్నాడు నాన్న.