గది ఫొటోలు కాదు చిట్టీ, ఆదివారం రాత్రి వెళ్లి చూడు

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి చిట్టికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

కాన్పు హైదరాబాదులోనే చేయించుకుంటానని, మీ ఇంటికి దగ్గరలోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ప్యాకేజీ కూడా మాట్లాడుకున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగకపోతే నలుగురూ ఏమనుకుంటారోనని ఆమె బెంగ. నాకు ఆ బెంగ లేదు. ఖర్చుకు తండ్రి వైపు చూడకుండా మొగుడూ పెళ్లాలిద్దరూ కూర్చుని లెక్క వేసుకుని, మీ జీతాల్లోంచే డబ్బు పక్కన పెట్టుకున్నారని విన్నప్పుడు, నా చేతుల్లో పెరిగిన పిల్ల ఇంతదయిందా అని మురిసిపోయాను కూడా. ఆ తరువాత నువ్వు పంపిన ఫొటోలు మీ అమ్మ నాకు పంపింది. ఆరు ఫొటోల్లో నాలుగు గదివే: సోఫా, టీవీ, పూల తెరలు, బిడ్డ కోసం గాజు తొట్టి. అవి చూశాక నాకు నిద్ర పట్టలేదు. గది చూసి మోసపోయిన మనిషిని నేను, ముప్పై ఏళ్లు ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసి కూడా.

ఐరన్ మాత్రలు మానవద్దు. బీపీ ప్రతిసారీ చూపించుకో. ఫైలు ఎక్కడికి వెళ్లినా చేతిసంచిలోనే ఉండాలి. చదువుకున్నదానివి, వీటి గురించి ఇంతకన్నా రాయను.

నువ్వు పుట్టిన రాత్రి గురించి మీ అమ్మ నీకు సగమే చెప్పి ఉంటుంది. కష్టమైన కాన్పు అనీ, రక్తం ఎక్కించారనీ నీకు తెలుసు. ఆ నర్సింగ్ హోమును ఎంచింది నేనని తెలియదు. ఇన్నేళ్లలో ఆమె ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు, అందుకే నేను మరిచిపోలేకపోయాను.

అది 1997, దీపావళికి ముందు రోజు. నేను అప్పుడు గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్నాను. మా వార్డులో మంచానికి ఇద్దరేసి బాలింతలు, కింద చాపల మీద మరికొందరు, వరండాలో అన్నం క్యారియర్లతో బంధువులు. నా ఒక్కగానొక్క చెల్లెలిని ఆ రద్దీలో పడుకోబెట్టడానికి నాకు మనసొప్పలేదు, నిజం చెప్పాలంటే నామోషీ కూడా అనిపించింది. అందుకని మీ నాన్నను ఒప్పించి, మీ బాపట్లలోనే ఒక చిన్న నర్సింగ్ హోములో చేర్పించాను. మొజాయిక్ గచ్చు అద్దంలా మెరిసేది, వేణ్ణీళ్లు వచ్చేవి, డాక్టరమ్మ నాకు తెలిసినావిడ, మాట మెత్తన. ఆమె నేర్పులో గానీ మనసులో గానీ ఏ లోపమూ లేదని ఇప్పటికీ అంటాను. లోపమల్లా నేను అడగని ప్రశ్నలో ఉంది. మీ అమ్మ రక్తం ఓ నెగటివ్, అంత తేలిగ్గా దొరికే గ్రూపు కాదు. ఆ సంగతి కార్డు మీద బ్లడ్ గ్రూపు గడిలో ఎర్ర సిరాతో రాసి, కింద గీత కూడా గీసింది నేనే. గీత గీసిన దాన్ని, అవసరమైతే ఆ రక్తం ఎక్కడి నుంచి వస్తుందని మాత్రం అడగలేదు. మా ఆసుపత్రిలో బ్లడ్ బ్యాంకు వరండా చివర ఉండేది. మత్తు డాక్టరు పిలిస్తే పలికేవాడు. ఏళ్ల తరబడి అలా చూసి చూసి, ఆసుపత్రి అన్నాక అవన్నీ గోడలతో పాటే ఉంటాయని నా బుర్రలో స్థిరపడిపోయింది.

సాయంత్రం ఏడు గంటలకు నువ్వు సుఖంగానే పుట్టావు, కేరుమని ఏడ్చావు కూడా. మాయ కూడా పడింది. తరువాత పది నిమిషాలకు మీ అమ్మ పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే నా గుండె జారిపోయింది. కాన్పయ్యాక గర్భసంచి ముడుచుకుని చేతికి కొబ్బరికాయలా గట్టిగా తగలాలి, అలా ముడుచుకుంటేనే మాయ ఊడిన చోట రక్తనాళాలు మూసుకుంటాయి. మీ అమ్మది నానిన పిండిముద్దలా జారిపోతోంది. నేను పిసుకుతున్నంతసేపూ కాస్త గట్టిపడేది, చెయ్యి తీస్తే మళ్లీ మెత్తబడేది. ఇంజెక్షన్లు ఇచ్చాము, సెలైన్లు రెండు చేతులకూ పెట్టాము, నేనూ డాక్టరమ్మా వంతులేసుకుని చేతులు తిమ్మిరెక్కేదాకా పిసికాము. అవసరమైతే పొట్ట తెరవాలన్నా, పిలిపించే మత్తు డాక్టరు పండక్కి సొంతూరు వెళ్లిపోయాడు. కారులో వేసుకుని గుంటూరు తీసుకుపోదామా అంటే, సుమారు 50 కిలోమీటర్ల దారిలో ఆ పిసికే చెయ్యి ఆగితే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. 108 అప్పటికి లేదు, అది 2005లో గదా వచ్చింది.

మీ నాన్న మీ అమ్మ రక్తపు నమూనా ఉన్న గాజు గొట్టాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, పక్కింటివాళ్ల అంబాసిడరులో పొన్నూరు, చేబ్రోలు మీదుగా గుంటూరు వెళ్లారు. బ్లడ్ బ్యాంకులో ఆ గ్రూపు ఒక్క బ్యాగే ఉంది. రెండో బ్యాగు కోసం మెడికల్ కాలేజీ హాస్టల్లో గది గదికీ తిరిగితే, పండక్కి ఇంటికి వెళ్లని కుర్రవాడొకడు, ఎవరి బిడ్డో గానీ, అన్నం ముందు నుంచి లేచి వచ్చాడట. ఆ రెండు బ్యాగులనూ ఐసు ముక్కలు వేసిన పెద్ద థర్మాసు ఫ్లాస్కులో పెట్టుకుని మీ నాన్న తిరిగివచ్చేసరికి పన్నెండు దాటింది. బయట ఎవరో తొందరపడి టపాకాయలు కాలుస్తున్నారు. లోపల మీ అమ్మ పెదవులకూ దిండు గలీబుకూ రంగులో తేడా లేదు.

బతికింది. కాని అంత రక్తం పోయిన ఒంటికి పాలు పడలేదు. నెలన్నర పాటు నీకు డబ్బా పాలు ఉగ్గుగిన్నెతో నేనే పట్టాను. ఆ నలభై ఐదు రోజులూ నేను సెలవు పెట్టింది నీ మీద ముద్దుతోనని అందరూ అనుకున్నారు, అదీ అబద్ధం కాదు గాని, అసలు కారణం ఇది.

నీదీ మీ అమ్మ గ్రూపే కదా. అందుచేత ఇప్పుడు చెప్పేది పెద్దమ్మ చాదస్తమని తోసెయ్యకు. ఈ ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక మీరిద్దరూ ఆ ఆసుపత్రికి వెళ్లండి. పగటిపూట రిసెప్షనులో కూర్చునే అమ్మాయి చెప్పే జవాబులు వేరు, ఆ వేళ లేబర్ రూము బయట డ్యూటీలో ఉన్న సిస్టరు చెప్పే జవాబులు వేరు. బ్లడ్ బ్యాంకు సొంతదా, నిల్వ ఉంచే ఫ్రిజ్ మాత్రమేనా, బయటి నుంచి తెప్పిస్తారా, తెప్పిస్తే ఎంతసేపు పడుతుంది, నెగటివ్ గ్రూపు ముందే ఏర్పాటు చేసి ఉంచుతారా అని అడుగు. మత్తు డాక్టరు రాత్రి అక్కడే పడుకుంటాడా, ఫోను చేస్తే వస్తాడా అని అడుగు. నిన్ను చూసే పెద్ద డాక్టరు ఊళ్లో లేని రోజు నొప్పులు వస్తే ఎవరు చూస్తారో వాళ్ల పేరు చెప్పించుకో, వీలైతే వాళ్లకు ముందే ఒకసారి చూపించుకో. పసిపిల్లల ఐసీయూ అదే కట్టడంలో ఉందా, అంబులెన్సులో తీసుకెళ్లాలా అన్నది కూడా తెలుసుకో. ఈ ప్రశ్నలకు విసుక్కునే ఆసుపత్రి అయితే, అడ్వాన్సు పోయినా సరే, వేరే చోటు చూసుకోవడానికి నీకింకా వ్యవధి ఉంది. ఇంకొకటి, నీకు ఏడో నెల నడుస్తోంది. అల్లుడిది పాజిటివ్ గ్రూపు అయితే 28 వారాలప్పుడు యాంటీ-డి ఇంజెక్షను (బిడ్డ పాజిటివ్ రక్తానికి నీ ఒంట్లో విరోధం పుట్టకుండా ఆపేది) వెయ్యాలి, బిడ్డ పాజిటివ్ అని తేలితే కాన్పయ్యాక 72 గంటల్లోపు మళ్లీ వెయ్యాలి. ఈ వారమే డాక్టరుకు గుర్తు చెయ్యి.

ముహూర్తం సంగతి కూడా విన్నాను. మీ అత్తగారు పెద్దావిడ, ఆవిడను నొప్పించవద్దు. కాని అవసరం లేకుండా పంచాంగం చూసి కోయించుకోవడం నాకు ఇష్టం లేదు. 39 వారాలు నిండకుండా తీసిన బిడ్డకు ఊపిరితిత్తులు ఇంకా సిద్ధంగా ఉండకపోవచ్చు, ఆయాసంతో ఐసీయూకి వెళ్లిన ముహూర్తపు బిడ్డలను నేనెత్తుకుని పరిగెత్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగిన కాన్పుల్లో 81.5 శాతం సిజేరియన్లే, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. మన ఆంధ్ర ప్రైవేటులోనూ 63 శాతం. అందుకని మీ ఆసుపత్రిలో నూటికి ఎన్ని ఆపరేషన్లు అవుతున్నాయో, తొలిచూలు వాళ్లలో ఎన్నో మొహమాటపడకుండా అడుగు. అయితే నొప్పుల మధ్యలో బిడ్డ గుండె తగ్గుతోందని చెప్పి ఆపరేషన్ చేస్తామంటే ఈ అంకెలు పట్టుకుని వాదానికి దిగవద్దు, అప్పుడు సంతకం పెట్టేయాలి.

డబ్బు గురించి నాకన్నా నీకే బాగా తెలుసు. ప్యాకేజీలో బిడ్డ ఐసీయూ, రక్తం, పిల్లల డాక్టరు ఫీజు కలిశాయో లేదో కాగితం మీద రాయించుకో. గది తరగతి పెరిగితే అదే ఆపరేషన్‌కు కూడా బిల్లు పెరిగే చోట్లు చాలా ఉన్నాయి, కాబట్టి ఆ సోఫా గది వదిలి పక్క తరగతి గది తీసుకుంటే మిగిలే డబ్బు దేనికి పనికొస్తుందో ఆలోచించు. మీ కంపెనీ ఇన్సూరెన్సులో కాన్పుకు పరిమితి ఎంతో, పుట్టిన బిడ్డకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందో లేదో కనుక్కో.

ప్రభుత్వాసుపత్రిని మాత్రం చులకన చెయ్యకు. చిన్న చిన్న చోట్ల చెయ్యి దాటిన కేసులు అర్ధరాత్రి చివరికి చేరేది పేట్లబురుజుకూ, కోఠీ ఆసుపత్రికీ, గాంధీకీ. మీ ఇంటి నుంచి వాటికి దారి ఒకసారి అల్లుడి చేత చూసి రమ్మను.

36వ వారానికి నేనూ మీ అమ్మా వచ్చేస్తాము. ఆవిడ కారం, కాయం, సున్నుండలు కట్టడం అప్పుడే మొదలుపెట్టింది. ఉగ్గుగిన్నె మాత్రం ఈసారి తేవద్దన్నాను.

ఆదివారం రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోను చెయ్యి, మెలకువగానే ఉంటాను. రక్తం గురించి వాళ్లేమన్నారో ముందు చెప్పు, గది కబుర్లు తరువాత వింటాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ