అత్తగారి పుట్టింటి రక్తం

చిరంజీవి సుజాతకు ఆశీస్సులు.

నీ కథ చదివాను. సంభాషణలు బాగున్నాయి. అయితే పాపకు క్షయ అని తెలియగానే అత్తగారు కోడలితో "నీ పుట్టింటి రక్తంలోనే ఉందే ఈ రోగం" అనడం, కథ కూడా ఆ మాటనే నమ్మి చివరిదాకా దాని వెంటే నడవడం నాకు కోపం తెప్పించింది. నువ్వు రాసింది మేనరికం. కోడలు అత్తగారి తమ్ముడి కూతురు. ఇద్దరిదీ ఒకే పుట్టిల్లు కదమ్మా!

రోగాన్ని తలరాతగా వాడుకునే రచయిత ముందు అది ఎలా వస్తుందో తెలుసుకోవాలని నేను ఎప్పటినుంచో పోరుతున్నాను. క్షయ గాలిలో వస్తుంది. ఆ క్రిమిని 1882లోనే జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోక్ చూపించాడు. వారసత్వంగా వచ్చేది, వస్తే గిస్తే, క్రిమికి లొంగే గుణం మాత్రమే. క్రిమి సోకినవారిలో జీవితకాలంలో జబ్బుపడేది నూటికి 5 నుంచి 10 మందే. జర్మనీలోని ల్యూబెక్‌లో 1930లో క్షయ రాకుండా ఇచ్చే బీసీజీ టీకాలో పొరపాటున అసలు క్షయ క్రిమి కలిసిపోగా, దాన్ని తాగిన సుమారు 250 మంది పసికందుల్లో 72 మంది పోయారు, ఎక్కువమంది బతికారు. అదంతా పుట్టుకతో వచ్చిన బలమేనని కొందరు వాదించారు గాని, అందరికీ అందిన మోతాదు ఒకటి కాదని తర్వాత తేలింది.

క్షయకు లొంగేలా చేసే మార్పు ఒకటి టైక్-2 అనే జన్యువులో ఉందన్న సంగతి 2018లో బయటపడింది. యూరప్ మూలాలవారిలో ఎక్కువగా కనిపించే ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులుగా వచ్చినవారిలో రక్షక కణాలను ఉసిగొల్పే ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రోటీన్ తగినంత తయారుకాదు. దాని ప్రేరణ లేకపోతే క్రిముల్ని మింగే మేక్రోఫేజ్ అనే రక్షక కణం తాను మింగిన క్రిమిని సరిగా చంపలేదు. ఒక్క ప్రతి ఉన్నవారికి ఆ బెడద లేదు. నీ పాపలో ఉన్నది ఆ మార్పే అనను. అలాంటి లోపం ఏదైనా ఉంటే మాత్రం అది రెండు వైపుల నుంచీ రావాలి. నీ కథలో ఆ రెండు వైపులూ అత్తగారి తల్లిదండ్రుల దగ్గరే కలుస్తాయి.

పైగా తాతగారు చలికాలమంతా దగ్గుతూ పాపను పక్కలో పడుకోబెట్టుకున్నాడని, అన్న తిన్నాక మిగిలిన మజ్జిగన్నమే పాపకు దక్కేదని రెండో పేజీలో నువ్వే రాసి మరిచిపోయావు. జార్ఖండ్‌లో 2019-22 మధ్య జరిగిన పరిశోధనలో రోగుల ఇంటివారికి నెలనెలా బియ్యం, పప్పు అదనంగా అందిస్తే వారిలో కొత్తగా జబ్బుపడేవారు దాదాపు 40 శాతం తగ్గారు. అక్కడ ఎవరి జన్యువులూ మారలేదు.

నా తొలి కథల్లో ఒకదాంట్లో కళ్లె పరీక్షకు డబ్బా పట్టుకుని వరుసలో నిలబడ్డ మనిషిని రాస్తే, పాఠకులకు వెగటు పుడుతుందని ఒక సంపాదకుడు ఆ పేరా కొట్టేసి, తెల్ల చేతిరుమాలు మీద రక్తపు చుక్క పెట్టమన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఆయన వేసుకోలేదు. ఆ రుమాలు మన కథల్లో ఇంకా ఆరలేదు.

నువ్వడిగిన కలంపేరు గురించి తర్వాత చూద్దాం. అత్తగారి మాట తీసేయకు. అలాంటివాళ్లు అలాగే అంటారు. ఆ సమయంలో ఆమె తమ్ముడు వసారాలోనే కూర్చున్నాడని రాశావు. తమ ఇంటి రక్తాన్ని సొంత అక్కే తిట్టిపోస్తుంటే ఆయన ఏమన్నాడో రాసి పంపు.