ఫీనిక్స్ చుట్టూ ఇన్ని ఫ్యాబులుండగా ఎమ్మెస్‌లో థీసిస్ అవసరమా?

విజయవాడ దగ్గర ఈసీఈలో బీటెక్ పూర్తిచేసి, అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఎమ్మెస్‌కు సీటు తెచ్చుకున్న ఒక విద్యార్థి ఇక్కడ రెండు సంగతులు అడిగారు. ఫీనిక్స్ చుట్టుపక్కలే ఇంటెల్, తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీల ఫ్యాబులు, అంటే చిప్పులు తయారుచేసే కర్మాగారాలు, ఉన్నప్పుడు థీసిస్ తీసుకుని ల్యాబులో ఏడాదికి పైగా కూర్చోవడం ఎందుకు, కోర్సులు మాత్రమే పూర్తిచేసి బయటపడితే సరిపోదా అన్నది మొదటిది. ఒకవేళ థీసిస్ చేసినా, ఆ పరిశోధన ఫ్యాబులో ఉద్యోగానికి నిజంగా అక్కరకొస్తుందా అన్నది రెండోది. నేను అదే యూనివర్సిటీలో అదే డిగ్రీ థీసిస్‌తో చేసి, తర్వాత కొన్నేళ్లు ఆ ప్రాంతంలోనే ఒక ఫ్యాబులో, చిప్పుల తయారీ అంచెలను చూసుకునే ప్రాసెస్ ఇంజనీరుగా పనిచేశాను కాబట్టి, చూసినంత మేరకు చెబుతాను.

థీసిస్ తీసుకోమనే నా సలహా. అయితే థీసిస్‌లో మీరు సాధించే అంకె చూసి ఎవరో పిలిచి ఉద్యోగం ఇస్తారన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. నేను ఏడాదిన్నర కష్టపడి తెచ్చిన అంకెను ఇంటర్వ్యూలో ఎవరూ రెండోసారి చూడలేదు. వాళ్లు అడిగినది వేరే. అది చెప్పే ముందు ఆ ఊరి సంగతి కొంచెం చెప్పాలి.

ఫీనిక్స్‌కు చిప్పులు 2020లో ఫ్యాబు కడతామన్న టీఎస్ఎంసీ ప్రకటనతో కొత్తగా వచ్చినవి కావు. మోటరోలా కంపెనీ తరఫున డేనియల్ నోబుల్ అనే ఇంజనీరు 1949లోనే అక్కడ ఒక పరిశోధనశాల తెరిపించారు. ట్రాన్సిస్టర్ల తయారీ దాని వెంటే పెరిగింది. మన యూనివర్సిటీ ఉన్న టెంపీ ఫీనిక్స్ పక్క ఊరే; అప్పటికి అక్కడ ఉన్నది కాలేజీయే గాని యూనివర్సిటీ కాదు. 1958లో రాష్ట్ర ఓటర్లు ఆమోదించాకే దానికి యూనివర్సిటీ అన్న పేరు దక్కింది. తమకు కావలసిన ఇంజనీర్లు ఎక్కడినుంచో రావడం కాకుండా ఇక్కడే తయారుకావాలన్న స్థానిక కంపెనీల పట్టుదల అక్కడి ఇంజనీరింగ్ చదువు ఎదగడం వెనుక ఉంది. క్యాంపస్‌లోని సైన్సు లైబ్రరీకి ఆ నోబుల్ పేరే పెట్టారు. బయట 45 డిగ్రీల ఎండ కాస్తుంటే నేను మొదటి నెలంతా ఆ లైబ్రరీలో ఏసీ కోసం కూర్చుని, ఆ పేరు నోబెల్ బహుమతికి సంబంధించినదేమో అనుకునేవాణ్ణి. మోటరోలా పేరు ఇప్పుడు అక్కడి ఫ్యాబుల మీద కనిపించదు గాని, 1999లో దాని నుంచి విడివడిన ఆన్‌సెమీ, 2004లో విడివడి 2015లో ఎన్‌ఎక్స్‌పీలో కలిసిన ఫ్రీస్కేల్ ఆ వంశంవే. మైక్రోచిప్ ప్రధాన కార్యాలయం పక్కనే ఉన్న చాండ్లర్‌లో, ప్యాకేజింగ్ (తయారైన చిప్పును తొడుగులో బిగించడం) చేసే ఆమ్‌కోర్‌ది టెంపీలోనే ఉన్నాయి. మీరు ఇంటెల్, టీఎస్ఎంసీ పేర్లు మాత్రమే రాశారు కాబట్టి ఈ మిగతా పేర్లు కూడా నోటు చేసుకోండి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా దరఖాస్తు పెట్టని చోట్లు ఇవే.

ఇక నా థీసిస్ సంగతి. సిలికాన్ మీద పెంచిన గాలియం నైట్రైడ్ అనే సెమీకండక్టరు పొరపై ట్రాన్సిస్టరుకు లోహపు కాంటాక్టులు వేయడం నా పని. టైటానియం, అల్యూమినియం, నికెల్, బంగారం ఒకదానిమీద ఒకటి పలుచగా ఆవిరి రూపంలో పూతవేసి, నైట్రోజన్‌లో సుమారు 850 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 సెకన్లు కాలిస్తే, లోహానికీ సెమీకండక్టరుకూ మధ్య నిరోధం తగ్గి కరెంటు సాఫీగా పారుతుంది. వేర్వేరు దూరాల్లో వేసిన లోహపు ప్యాడ్ల మధ్య నిరోధం కొలిచి, గ్రాఫు గీసి, ఆ గీత నిలువు అక్షానికి ఎక్కడ తగులుతుందో చూసి కాంటాక్టు నిరోధం లెక్కకడతారు. మిల్లీమీటరు వెడల్పుకు అర ఓమ్ వస్తే మా ల్యాబులో పండగే. నాకు ఒకసారి అంతకంటే తక్కువ వచ్చింది. ప్రొఫెసరుగారికి అదే రాత్రి మెయిల్ పెట్టాను. మర్నాడు అదే రెసిపీతో చేస్తే అయిదింతలు వచ్చింది. ఆ తర్వాత రెండు నెలలు ఒకరోజు బాగుండేది, మరునాడు చెడేది. కొలిమి మీద, లోహాల మీద, చివరికి కొలిచే సూదుల మీద కూడా అనుమానపడ్డాను.

తప్పు ఎవరిదీ కాదు, నాదే. పూతవేసే ముందు వేఫరు (చిప్పులు తయారుచేసే పలుచని బిళ్ల) ముక్కను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి, కడిగి, నైట్రోజన్ గన్నుతో ఆరబెట్టి చాంబరులో పెట్టాలి. ఆ యంత్రానికి వరుస ఉండేది. ముందు మనిషి ఆలస్యం చేస్తే, నేను అప్పటికే ఆమ్లంలో ముంచి ఆరబెట్టిన ముక్కను డబ్బాలో పెట్టి, క్లీన్‌రూమ్ (దుమ్ము చేరకుండా ఉంచే ల్యాబు గది) దుస్తులు విప్పి, కారిడార్‌లో పులిహోర తిని, మళ్లీ దుస్తులు తొడుక్కుని లోపలికి వెళ్లేవాణ్ణి. ఆ గంటలో ఉపరితలం మీద ఆక్సైడు మళ్లీ పట్టేది. ఇది నాకు తెలివితో తట్టలేదు. ప్రతి అంచెకూ గంట, నిమిషం రాయమని మా సీనియర్ ఒకరు మొదటి వారంలోనే బలవంతంగా అలవాటు చేయించారు. విసుగ్గా రాసిన ఆ నోటుపుస్తకం తిరగేస్తుంటే, మంచి ఫలితం వచ్చిన రోజులన్నీ నేను మధ్యాహ్నం భోజనం మానేసిన రోజులేనని తేలింది. ఆ తర్వాత కావాలనే 5 నిమిషాలు, 20, 60, 120 నిమిషాలు ఆలస్యం చేసి, ఒక్కోదానికి ఆరేసి ముక్కలు చేసి కొలిచాను. థీసిస్‌లో అది నాలుగు పేజీల అనుబంధంగా వెళ్లింది. ప్రధాన అధ్యాయంలో మాత్రం ఆ ఒక్కరోజు వచ్చిన గొప్ప అంకే మెరిసింది.

ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్న ఇంజనీరు మొదట లోహాల వరుస చూసి నవ్వి, మీ బంగారాన్ని మా గుమ్మం దాటనివ్వం అన్నారు. మనవాళ్లకు ఇది మింగుడుపడని మాట గాని, ఫ్యాబులో అది నియమం: బంగారం సిలికాన్‌లోకి వేగంగా చొచ్చుకుపోయి ట్రాన్సిస్టర్లను పాడుచేస్తుంది కాబట్టి, సాధారణ సిలికాన్ ప్రాసెస్ నడిచే చోటికి దాన్ని తాకిన పట్టకారును కూడా రానివ్వరు. అంటే నా పరిశోధన వస్తువు ఆ భవనంలోకి అడుగుపెట్టే యోగ్యత కూడా లేనిది. తర్వాత ఆయన అర ఓమ్ సంగతి వదిలేసి, అదే ఫలితం ఎన్ని ముక్కల మీద వచ్చిందని అడిగారు. నేను తడబడి అనుబంధం తెరిచి, ఆలస్యానికీ నిరోధానికీ సంబంధం చూపే గ్రాఫు ముందుపెట్టాను. ఆయన కుర్చీ ముందుకు లాక్కుని, మేం దీన్ని క్యూ టైమ్ అంటాం అన్నారు. శుభ్రం చేసిన వేఫరు తర్వాతి అంచెకు ఎన్ని నిమిషాల్లోపు చేరాలి, చేరకపోతే ఏం చేయాలి అన్నది ఫ్యాబులో ప్రతి ప్రాసెస్ ఇంజనీరుకూ రోజువారీ తలనొప్పి. మిగిలిన నలభై నిమిషాలూ ఆ నాలుగు పేజీల మీదే నడిచాయి.

యూనివర్సిటీకీ ఫ్యాబుకూ మధ్య ఉన్న దూరం నాకు ఆరోజు అర్థమైంది. ల్యాబులో ఒక పరికరం ఒక్కసారి పనిచేస్తే పేపరు వస్తుంది. ఫ్యాబులో 300 మిల్లీమీటర్ల వేఫర్లు పాతికేసి ఒక పెట్టెలో తిరుగుతూ, అధునాతన చిప్పయితే వెయ్యికి పైగా అంచెలు దాటి, బయటికి రావడానికి నెలలు పడుతుంది. ఒక్కో అంచెలో వెయ్యికి ఒక్కటి చొప్పున మాత్రమే చెడిపోతుందనుకున్నా, వెయ్యి అంచెలు దాటేసరికి నూటికి 37 మిగులుతాయి. మీరే కాలిక్యులేటరులో వేసి చూడండి. అందుకే అక్కడివాళ్లకు మీ అత్యుత్తమ అంకెతో పనిలేదు. మీ అంకెలు ఎంత చెదురుతున్నాయి, ఎందుకు చెదురుతున్నాయి అన్నదే వాళ్లకు కావాలి. కోర్సులు మాత్రమే చేసిన మిత్రులు నాకంటే పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్నారు గాని, చేతిలో చెడిపోయిన ముక్కల అనుభవం లేక ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయారు.

కాబట్టి థీసిస్ తీసుకోండి గాని అంశాన్ని చూసి మోజుపడకండి. యంత్రాన్ని మీ చేత్తో మీరే నడిపే అవకాశం ఉందా, నెలకు ఎన్ని ముక్కలు చేయగలరు, కొలతలు మీరే తీస్తారా అని ఆ ల్యాబులోని సీనియర్లను అడగండి. వాళ్ల నోటుపుస్తకం ఒకసారి చూపించమనండి. కంప్యూటరు మీద సిమ్యులేషన్‌తోనే మొత్తం థీసిస్ ముగిసే ప్రాజెక్టు డిజైన్ వైపు వెళ్లేవారికి మంచిదే, ఫ్యాబుకు మాత్రం అంతగా ఉపయోగపడదు. ఎలక్టివ్‌లలో ఒకటి ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ విభాగంలో ప్రయోగాల రూపకల్పన మీద తీసుకోండి. నేను తీసుకోలేదు. ఉద్యోగంలో చేరాక రాత్రులు కూర్చుని నేర్చుకోవలసి వచ్చింది.

మీ కాలానికి ఒక సౌలభ్యం పెరిగింది. టెంపీలోని యూనివర్సిటీ రిసెర్చ్ పార్కులో మాక్రోటెక్నాలజీ వర్క్స్ అనే పెద్ద భవనం ఉంది. మోటరోలా ఒకప్పుడు ఫ్లాట్ ప్యానెల్ డిస్‌ప్లేల కోసం కట్టించుకున్న భవనమది; తర్వాత యూనివర్సిటీ చేతికొచ్చి, 2004 నుంచి అమెరికా సైన్యం నిధులతో వంగే డిస్‌ప్లేల పరిశోధన అక్కడ నడిచింది. 2023లో, చిప్పుల తయారీ యంత్రాలు చేసే అప్లైడ్ మెటీరియల్స్ కంపెనీతో కలిసి 27 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో, 300 మిల్లీమీటర్ల వేఫర్ల మీద పనిచేసే యంత్రాలతో ఒక కేంద్రం అక్కడ నెలకొల్పుతామని ప్రకటించారు. మేం గోరంత ముక్కల మీద చేసిన పనిని ఫ్యాబులో వాడే యంత్రం మీదే చేసే వీలుంటే, నేను పైన చెప్పిన దూరం సగం తగ్గుతుంది. అటువైపు ప్రాజెక్టులున్న ప్రొఫెసర్లకు ముందు రాయండి. అదే 2023లో అమెరికా రక్షణ శాఖ సుమారు 4 కోట్ల డాలర్లతో ఈ యూనివర్సిటీ నాయకత్వాన మైక్రోఎలక్ట్రానిక్స్ కేంద్రాన్ని ఒకటి మంజూరుచేసింది గాని, రక్షణ నిధులతో నడిచే కొన్ని ప్రాజెక్టుల్లో అమెరికా పౌరసత్వం షరతుగా ఉంటుంది. ప్రొఫెసరుగారిని ఈ సంగతి మొదటి సమావేశంలోనే మొహమాటపడకుండా అడగండి; ఆరు నెలలు పనిచేశాక తెలిస్తే నష్టపోయేది మీరే.

అక్కడ మనుషుల కొరత ఉందన్న వార్త చూసి ఉత్సాహపడ్డానని రాశారు. ఆ వార్తను జాగ్రత్తగా చదవాలి. 2023 జులైలో టీఎస్ఎంసీ తన మొదటి ఫ్యాబులో ఉత్పత్తిని 2025కు వాయిదా వేస్తూ చెప్పిన కొరత, ఫ్యాబులో యంత్రాలను బిగించగల నిపుణ కార్మికుల కొరతే గాని ఎమ్మెస్ చేసినవారి కొరత కాదు. స్థానిక కమ్యూనిటీ కాలేజీలు 2022లో పది రోజుల టెక్నీషియన్ శిక్షణ మొదలుపెట్టింది ఆ అవసరం కోసమే. ఆ ఫ్యాబు 2024 చివర్లో ఉత్పత్తి మొదలుపెట్టింది, 2025 మార్చిలో అరిజోనా పెట్టుబడి మొత్తాన్ని 16,500 కోట్ల డాలర్లకు పెంచుతున్నట్టు కంపెనీ ప్రకటించింది. నిజమే, ఉద్యోగాలు పెరుగుతాయి. కానీ అదే ఊళ్లో కొత్త ఫ్యాబులు కడుతున్న ఇంటెల్, 2024 ఆగస్టులో తన సిబ్బందిలో 15 శాతానికి పైగా తగ్గిస్తానని చెప్పింది. మీరు పట్టా తీసుకునే నెలలో గాలి ఎటు వీస్తుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, ఒక్క కంపెనీని నమ్ముకుని లెక్కలు వేయకండి.

మరొక సంగతి, చాలామంది మనవాళ్లకు వర్తించేది. హైదరాబాదులో చిప్ పరిశ్రమ అంటే డిజైన్, వెరిఫికేషన్ (డిజైన్ సరిగ్గా పనిచేస్తుందో సరిచూడడం). అమీర్‌పేటలో నేర్పేదీ అదే. ఆ అలవాటుతో ఇక్కడికొచ్చి, చిప్ డిజైన్ రాసే భాష అయిన వెరిలాగ్ ప్రాజెక్టులు నిండిన రెజ్యూమెతో ఫ్యాబుకు దరఖాస్తు పెట్టి, జవాబు రాలేదని బాధపడినవారిని ప్రతి ఏడాదీ చూశాను. ఫ్యాబుల్లో ఉన్నవి ప్రాసెస్, ఎక్విప్‌మెంట్, యీల్డ్ (ఎన్ని చిప్పులు మంచివి వస్తున్నాయో చూడడం), మెట్రాలజీ (కొలతలు), ఇంటిగ్రేషన్ (అంచెలన్నీ కలిపి కుదర్చడం) పనులు. రాత్రి పన్నెండింటికి యంత్రం ఆగితే ఫోనొస్తుంది, కొన్ని చోట్ల పన్నెండు గంటల షిఫ్టులుంటాయి, తెల్లటి దుస్తుల్లో నాలుగు గంటలు నీళ్లు తాగకుండా నిలబడాలి. మీకు డిజైన్ ఇష్టమైతే అది తక్కువేమీ కాదు. అప్పుడు మాత్రం ఫీనిక్స్ ఫ్యాబుల దగ్గరితనానికి మీరు అంత విలువ ఇవ్వనక్కరలేదు, థీసిస్ అంశం కూడా వేరేగా ఎంచుకోవాలి.

చదువు ముగిశాక విద్యార్థి వీసా మీదే పనిచేసే అనుమతి, ఓపీటీ, 12 నెలలు; సైన్సు, ఇంజనీరింగ్ చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపుతో మరో 24 నెలలు దొరుకుతాయి. థీసిస్ వల్ల ఒక సెమిస్టరు ఆలస్యమైతే ఈ గడువులో కోతపడదు గాని, ఆ సెమిస్టరు ఫీజు, ఇంటి అద్దె మాత్రం మీవే. ప్రొఫెసరు దగ్గర నిధులు ఉన్నాయో లేదో ముందే కనుక్కుని ఇంట్లోవాళ్లకు లెక్క చెప్పండి. క్లీన్‌రూమ్‌లోకి అడుగుపెట్టాలంటే భద్రతా శిక్షణ పూర్తి కావాలి, ఒక్కో యంత్రానికి విడిగా అనుమతి తీసుకోవాలి. నాకు ఇవన్నీ ముగిసేసరికి మొదటి సెమిస్టరు అయిపోయింది. మీరు మాత్రం వెళ్లిన మొదటి వారంలోనే, ప్రొఫెసరు ఇంకా ఖరారు కాకపోయినా, శిక్షణకు పేరు రాయించుకునే మార్గం ఉందేమో ల్యాబు సిబ్బందిని అడిగి చూడండి.