వచ్చిన నీళ్లు పోయే దారి

"ప్రభుత్వ ప్రకృతి పరిరక్షణ సంస్థలో భూదృశ్య సలహాదారుగా చేరాలనుకుంటున్నాను, మాది కోనసీమ. ఏం చదవాలి, పని ఎలా ఉంటుంది, ఉద్యోగం స్థిరంగా ఉంటుందా?" అని మీరు అడిగారు. కాకినాడలో ఉంటూ కోరంగి, తాళ్లరేవు, అమలాపురం వైపు తీరమంతా తిరుగుతూ తొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కనుక జవాబు చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను. చదువు సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. మా దగ్గర ఆర్కిటెక్చర్ తరువాత ల్యాండ్‌స్కేప్ విభాగంలో పీజీ చేసిన వారు కొందరు, వృక్షశాస్త్రమో అటవీశాస్త్రమో చదివిన వారు కొందరు ఉన్నారు. నేను మొదటి దారిలో వచ్చాను. ఆ పీజీలో నేర్చిన వాటిలో ఇక్కడ అక్కరకు వచ్చింది లెవెలింగ్, అంటే నేల ఎత్తుపల్లాలు కొలవడం, ఒక్కటే. మిగిలినదంతా గట్టు మీద చెప్పులు విడిచి బురదలోకి దిగాక నేర్చుకున్నదే.

ఈ ఉద్యోగం పేరు వినగానే చాలామందికి పూల బాటలూ, సెల్ఫీలు దిగే చోట్లూ గుర్తుకు వస్తాయి. మా సమావేశాలలోనూ అదే ధోరణి. ఎవరో ఒకరు తెర మీద కేరళ ఫోటోలు వేసి, మన కోనసీమను కూడా ఇలా చేయలేమా అని అడుగుతారు. కొబ్బరి చెట్టూ, కాలువా, పడవా మూడూ మనకు ఉండగా ఇంకేం చేయాలో నాకు ఈనాటికీ బోధపడలేదు. త్వరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ మొక్కలు బారులు తీర్చి నాటించి, నాలుగేళ్లు తిరగకుండానే వాటిని కొట్టించడానికి మళ్లీ టెండరు పిలిచిన సందర్భాలు కూడా చూశాను. సుందరీకరణ అనే మాటను ప్రభుత్వ కాగితాలలో వాడకూడదని ఒక ఉత్తర్వు వస్తే ఈ తీరానికి సగం మేలు జరుగుతుందని నా గట్టి నమ్మకం.

గోదావరి డెల్టాలో భూదృశ్యం అంటే నీటి మట్టం. సముద్రపు పోటు ఎంతవరకు ఎక్కుతుంది, పాటుకు ఎంతవరకు దిగుతుంది అన్న దాన్ని బట్టే అక్కడ ఏ చెట్టు బతుకుతుందో, ఏ పిట్ట వాలుతుందో తేలుతుంది; జానెడు ఎత్తు తేడాతో వరి చేను చవిటి నేల అవుతుంది, చవిటి నేల మడ అడవి అవుతుంది. 1852లో ధవళేశ్వరం వద్ద కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కాలువల కింద పొలాలకు తీపి నీరు అందుతోంది గాని, వేసవిలో ఆనకట్ట దిగువకు వచ్చే ప్రవాహం బాగా సన్నగిల్లడంతో గౌతమి చివరి పాయలలోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. జూలై, ఆగస్టులలో వరద ఎర్రనీరు దిగితే తప్ప ఆ ఉప్పు కడుక్కుపోదు. నేల కూడా ఉన్నచోట ఉండదు. ఓడలు కట్టిన కోరంగి రేవు 1839 తుపానుకు దెబ్బతిని మళ్లీ కోలుకోలేదు. కాకినాడకు ఎదురుగా కనిపించే హోప్ ఐలాండ్ గోదావరి తెచ్చిన ఇసుక పేరుకుని ఏర్పడిన దిబ్బే. ఇలాంటి చోట పాత పటం ముందు పెట్టుకుని ఆఫీసులో కూర్చుని ప్లాను గీసేవారి ధైర్యాన్ని మెచ్చుకోవాలి. ఆ ధైర్యం మొదటి మూడేళ్లు నాకూ ఉండేది.

అది ఎలా పోయిందో చెబుతాను. 1978లో ఏర్పడిన కోరంగి అభయారణ్యానికి కాస్త ఇవతల, తాళ్లరేవు మండలంలో, పాడుబడిన రొయ్యల చెరువు ఒకటి ఉండేది. 1990ల మొదట్లో తీరం పొడుగునా ఇలాంటి చెరువులు తవ్వుకుంటూ పోయారు. ఆ తరువాత రొయ్యలకు తెల్లమచ్చల తెగులు వచ్చింది. 1996 డిసెంబరులో తీరం వెంట ఉన్న ఇలాంటి చెరువులు తీసేయమని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తవ్వినవారు చాలామంది వెళ్లిపోయారు గాని గట్లు మాత్రం మిగిలిపోయాయి. మా సంస్థ ఆ చెరువులో రెండుసార్లు మడ మొక్కలు నాటించింది, రెండుసార్లూ అవి ఎండిపోయాయి. కారణం తేల్చమని ఫైలు నా దగ్గరకు వచ్చింది. నేను ఒకసారి గట్టు మీద నడిచి వచ్చి, రంగుల పటంతో సహా మూడు పేజీల నోట్ రాశాను. పొన్న అనే మడ జాతి ఇంత ఉప్పును ఓర్చుకోలేదని, తెల్లమడ అనే జాతి ఓర్చుకుంటుందని, కాబట్టి ఈసారి తెల్లమడ నాటాలని దాని సారాంశం. నోట్‌ను అందరూ మెచ్చుకున్నారు. తెల్లమడ కూడా ఎండిపోయింది.

ఏప్రిల్‌లో, అమావాస్య వెళ్లిన నాలుగో రోజు పొద్దున్నే మళ్లీ వెళ్లాను. చెరువు అడుగున తెల్లని పొర కట్టి ఉంది. అడుగు వేస్తే అప్పడంలా విరిగి, కింద నల్లని బురద పైకి వచ్చింది. ఒక మొక్కను పట్టుకుని లాగితే తేలిగ్గా ఊడివచ్చింది. నాటేటప్పుడు చీల్చి తీసేయవలసిన నల్లని ప్లాస్టిక్ సంచి ఇంకా చుట్టూ అలాగే ఉంది, లోపల వేర్లు ముద్దకట్టి ఉన్నాయి. అది కూలీల తప్పేనని నాకు కొంచెం ఊరట కలిగిన మాట నిజం. కాని సంచి తీసి నాటిన మొక్కలు కూడా పక్కనే చచ్చి ఉన్నాయి. గట్టుకు అవతల పాయ ఒడ్డున, ఎవరూ నాటని తెల్లమడలు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

ఆ పాయలో ఒక పెద్దావిడ ఇనుప కొక్కెంతో పీతల బొరియలు వెతుకుతోంది. నా అవస్థ చూసి గట్టెక్కి వచ్చింది. ఇక్కడికి పోటు నీళ్లు అందడం లేదు కదా అమ్మా అని అడిగితే నవ్వింది.

"అందకేమండి బాబూ, అమాసకీ పున్నానికీ అదుగో ఆ గండిలోంచి వత్తాయండి. రావడం వత్తాయి, పోవడమే పోవు. ఎండకి ఇగిరిపోయి ఉప్పు దిగబడిపోద్దండి. మడ అడివన్నారు, ఉప్పు మడి చేసి పెట్టారు" అంది.

నాలుగు రోజుల కిందటి పోటు ఎక్కడిదాకా వచ్చిందో కూడా ఆవిడే చూపించింది. గట్టు లోపలి వాలు మీద ఎండిన మడాకులు, కొబ్బరి పీచు, సీసా మూతలు ఒక గీతగా పడి ఉన్నాయి. ఆ గీత మీదుగానే నేను మొదటిసారి నడిచి వెళ్లాను. మర్నాడు లెవెల్ పరికరం తెచ్చి రెండు రోజులు కొలిచాము. చెరువు అడుగు బయటి పాయ ఒడ్డు కంటే జానెడున్నర పల్లం. నిండుపోటుకు గండి దాటి లోపలికి వచ్చిన నీరు పాటుకు వెనక్కి పోలేక పళ్లెంలో పోసినట్టు నిలిచి ఇగిరిపోతోంది. నెలకు రెండుసార్లు వచ్చే నీరు, ఏడాదంతా పేరుకునే ఉప్పు. అందులో తెల్లమడ అయితేనేం, మరో మడ చెట్టు తిల్ల అయితేనేం?

మందు కొత్తదేమీ కాదు. 1990ల చివర నుంచి స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, ఊళ్ల వాళ్లు కలిసి ఈ డెల్టాలోనే చేసి చూపించినదే: పాయలో కలిసేలా వాలుగా ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా చేప ముల్లులా ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటుకు నీరు అంతటా పాకుతుంది, పాటుకు అంతా దిగిపోతుంది, ఉప్పు దానితోపాటే పోతుంది. గట్టుకు రెండు చోట్ల గండి కొట్టి ఈ కాలువలు తవ్వితే చాలునని, మొక్కలు నాటనవసరం లేదని రెండో నోట్ రాశాను. మొదటి నోట్‌ను మెచ్చుకున్న వారికే ఇది నచ్చలేదు. పద్దులో "నాటిన మొక్కల సంఖ్య" అనే గడి ఉంటుంది; అందులో సున్నా వేసి డబ్బు అడిగిన సలహాదారు అంతకుముందు ఎవరూ లేరట. ఏడు నెలలు ఆ ఫైలు తిరిగింది. చివరకు గడి నింపడానికి గట్టు మీద కొన్ని మొక్కలు నాటుతామని ఒప్పుకున్నాకే తవ్వకానికి అనుమతి వచ్చింది.

ఈ గడి చేసే హాని ఇంతటితో ఆగదు. అది నిండడానికే కొన్ని చోట్ల పాటుకు బయటపడే ఒండ్రు మేటల మీద కూడా మడ నాటమంటారు. శీతకాలంలో వేల మైళ్లు ఎగిరి వచ్చే ఉల్లంకి పిట్టలకు ఆ ఖాళీ బురదే అన్నం పళ్లెం. అది ఖాళీగా ఉందని దాని మీద అడవి పెంచడం, ఒకరి వంటింట్లో చోటుందని పశువుల కొట్టం కట్టడం వంటిది. సలహాదారుగా నేను చేసిన మంచి పనులలో ఎక్కువ భాగం ఏదో ఒకటి నాటకుండా ఆపినవే.

కాలువలు ఊరివాళ్ల చేత పారలతోనే తవ్వించాము. పీతల ఆవిడ కొడుకు కూడా ఆ పనికి వచ్చాడు. ఆ ఏడు ఎర్రనీరు బాగా దిగింది. వర్షాలు వెనకబట్టాక వెళ్లి చూస్తే కాలువ అంచుల వెంట, చిక్కుడు గింజకు రెట్టింపు ఉండే తెల్లమడ కాయలు పోటుకు కొట్టుకువచ్చి, తొక్క విడిచి, బురదలో నిలబడి ఉన్నాయి. మూడో ఏటికి మోకాలెత్తు అయ్యాయి. ఈశాన్య మూల ఒకటి మాత్రం ఇంకా తెల్లగానే ఉంది. అక్కడ పిల్ల కాలువ వాలు తప్పుగా కొలిచింది నేనే. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఇందులో మనం నాటినవి ఏవి అని అడిగితే, కాపలాదారు గట్టు మీద ఎండిపోయిన వరుసను చూపించాడు.

ఉద్యోగం స్థిరంగా ఉంటుందా అని కదా మీ చివరి ప్రశ్న. నాది పదకొండు నెలల ఒప్పందం. ఏటా ఒక నెల విరామం ఇచ్చి మళ్లీ తీసుకుంటారు, ఆ విరామం మే నెలలో పడుతుంది. నేలలో ఉప్పు అన్నిటికంటే ఎక్కువగా ఉండేది, చూసి తీరవలసింది ఆ నెలలోనే కాబట్టి, నిండు అమావాస్య పోటు చూసుకుని సొంత ఖర్చుతో తాళ్లరేవు బస్సెక్కుతాను. మీకు వీలైతే ఈసారి మేలో నాతో రండి. ఆ ఈశాన్య మూల వాలు మళ్లీ కొలవాలి, స్టాఫ్, అంటే కొలత గుర్తులున్న కర్ర, పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి.